విదేశీ మైక్రోఫైనాన్స్ సంస్థకు సాంకేతిక సహాయం: ఉగాండా ఉదాహరణగా, మొదటి ఫోన్ నుంచి చివరి విజిట్ దాకా

బ్యాంకుల్లో, మైక్రోఫైనాన్స్ సంస్థల్లో, పొదుపు సంఘాల ప్రాజెక్టుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన తెలుగువాళ్లకు ఆఫ్రికా దేశాల నుంచి సలహాదారు పని వస్తుంటుంది. పిలుపు వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అందరూ అడిగే ప్రశ్న. ఆరేడు శాఖలు, పదివేల లోపు ఖాతాదారులు ఉన్న ఉగాండా సంస్థ ఒకటి ఉందనుకుని ఈ క్రమం రాశాం. దేశం మారితే చట్టాలు, పంట నెలలు మారతాయి. ముందు లెక్క, తర్వాత పద్ధతి, ఆ తర్వాతే విస్తరణ అన్న వరుస మాత్రం ఎక్కడైనా ఇదే.

1. సంస్థ ఏ తరగతిదో ముందు తేల్చుకోండి

ఉగాండాలో ఆర్థిక సంస్థలు నాలుగు తరగతులు. వాణిజ్య బ్యాంకులు మొదటిది, క్రెడిట్ సంస్థలు రెండోది, 2003 చట్టం కింద డిపాజిట్లు తీసుకునే మైక్రోఫైనాన్స్ సంస్థలు మూడోది. ఈ మూడూ బ్యాంక్ ఆఫ్ ఉగాండా పరిధిలో ఉంటాయి. డిపాజిట్లు తీసుకోని మైక్రోఫైనాన్స్ సంస్థలు, వడ్డీ వ్యాపారులు లాంటివి నాలుగో తరగతి. వీటి కోసం 2016లో వేరే చట్టం, దానితో పాటు ఉగాండా మైక్రోఫైనాన్స్ రెగ్యులేటరీ అథారిటీ వచ్చాయి.

ఈ తేడా కాగితం మీదదే అనుకోవద్దు. నాలుగో తరగతి మైక్రోఫైనాన్స్ సంస్థ జనం దగ్గర పొదుపు తీసుకోకూడదు. అయినా "సెక్యూరిటీ డిపాజిట్" పేరుతో అప్పులో పదో వంతు ముందే పట్టుకునే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ సొమ్ము ఏ ఖాతాలో ఉంది, లైసెన్సు దానికి ఒప్పుకుంటుందా అన్నది తొలి ఫోన్‌లోనే అడగండి. సమాధానం నీళ్లు నమిలినట్టు ఉంటే మీ పనిలో మొదటి అంశం అదే.

"మాకు సాఫ్ట్‌వేర్ కావాలి" అనే మాటతోనే ఎక్కువ పిలుపులు వస్తాయి. దాన్ని రాసుకోండి, ఇంకా ఒప్పుకోవద్దు. సాఫ్ట్‌వేర్ కావాలనే సంస్థల్లో చాలావాటికి అసలు జబ్బు వసూళ్లలోనో, ఇంటర్నల్ ఆడిట్‌లోనో ఉంటుంది.

2. ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి

12 నుంచి 18 నెలల గడువు పెట్టుకోండి. రెండు మూడు వారాల చొప్పున నాలుగు విజిట్లు, మధ్యలో వారానికో వీడియో కాల్ సరిపోతాయి. ఏకధాటిగా ఆరు నెలలు అక్కడే కూర్చుంటే సిబ్బంది ప్రతి చిన్న నిర్ణయానికీ మీ బల్ల దగ్గరికి వస్తారు.

- మీతో పాటు తిరిగే, జీతం మీద ఉన్న స్థానిక ఉద్యోగి ఒకరు. రోజులో సగమైనా ఆ మనిషి మీ పనికే కేటాయించి ఉండాలి.
- రుణాల పూర్తి డేటా ఇస్తామన్న హామీ. 2019 నాటి ఉగాండా డేటా రక్షణ చట్టం ఉంది కాబట్టి పేర్లు, ఫోన్ నంబర్లు ఎలా దాస్తారో, దేశం దాటిస్తారో లేదో రాతలో ఉండాలి.
- ఆడిట్ కమిటీకి నేరుగా నివేదిక ఇచ్చే హక్కు. మేనేజర్ ద్వారానే వెళ్లాలంటే చేదు నిజాలు మధ్యలోనే ఆగిపోతాయి.
- బిజినెస్ వీసా చాలా, వర్క్ పర్మిట్ కావాలా? ఫీజు మీద అక్కడ కోసే పన్ను ఎవరు భరిస్తారు? ఆ పన్ను సర్టిఫికెట్ మీకు ఎప్పుడిస్తారు?
- ఫీజు పూర్తయిన పనులకు ముడిపడి ఉండాలి.

చివరిదాంట్లో ఒక జాగ్రత్త. మీ ఫీజుకు డబ్బిచ్చే దాతల్లో దాన్ని రుణాల పెరుగుదలకు ముడిపెట్టేవాళ్లు ఉంటారు. ఒప్పుకోవద్దు. అప్పులు పెరిగితేనే మీకు డబ్బు వస్తుందంటే, బ్రేకు వేయాల్సిన రోజున మీరే ఎక్సలరేటర్ తొక్కుతారు.

3. బయల్దేరే ముందు తెప్పించుకోవాల్సినవి

- మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆడిటర్ మేనేజ్‌మెంట్‌కు రాసిన లేఖలతో సహా
- గత 24 నెలల్లో ప్రతి నెలాఖరు నాటి ఒక్కో రుణం వివరాలు: ఇచ్చిన తేదీ, మొత్తం, మిగిలిన అసలు, ఎన్ని రోజుల బకాయి, ఫీల్డ్ ఆఫీసర్ కోడ్
- రైటాఫ్ చేసిన (ఇక రావని పుస్తకంలోంచి తీసేసిన), రీషెడ్యూల్ చేసిన (కిస్తీల గడువు మార్చిన) రుణాల జాబితాలు వేర్వేరుగా
- సిబ్బంది జాబితా: చేరిన తేదీ, శాఖ, బదిలీలు
- సంస్థ చేసిన అప్పుల ఒప్పందాలు, వాటిలోని షరతులు
- ఏడాది ఇంటర్నల్ ఆడిట్ నివేదికలు, బోర్డు మినిట్స్

వీటిలో ఏది ఆలస్యమవుతుందో గమనించండి. ఆడిట్ నివేదికలు రెండో రోజే వచ్చి, రీషెడ్యూల్ జాబితా మూడు వారాలైనా రాకపోతే ఎక్కడ తవ్వాలో తెలిసిపోయినట్టే.

ఇంకో చిన్న సంగతి మనవాళ్లను తరచుగా ఇబ్బంది పెడుతుంది. అక్కడ లక్ష, కోటి లేవు, అంతా మిలియన్లే. ఎక్సెల్‌లో కామాలు మన పద్ధతిలో ఉంటే 10,00,000 అని కనిపించేది వాళ్లకు 1,000,000. బోర్డు ముందు తప్పు చదివితే మీ మీద నమ్మకం మొదటి రోజే సడలుతుంది. కంప్యూటర్ సెట్టింగ్ మార్చుకుని విమానం ఎక్కండి. ఈ వ్యాసంలోనూ మిలియన్, ఆ పైన ఉన్న షిల్లింగులను మిలియన్లలోనే రాస్తున్నాం.

4. బకాయిల లెక్క మీరే మళ్లీ కట్టండి

సంస్థ చెప్పే పార్ 30 అంకెను అలాగే తీసుకోవద్దు. దాని అర్థం ఇది: ఒక్క కిస్తీ అయినా 30 రోజులు దాటి బాకీ పడితే, ఆ రుణంలో మిగిలిన అసలు మొత్తాన్నీ ప్రమాదంలో ఉన్నట్టు లెక్కేయాలి. అలాంటి రుణాల్లో మిగిలిన అసలును అన్ని రుణాల మిగిలిన అసలుతో భాగిస్తే వచ్చే శాతమే పార్ 30.

ఎక్కువగా జరిగే తప్పు కిస్తీని మాత్రమే లెక్కేయడం. 8 లక్షల షిల్లింగులు బాకీ ఉన్న మనిషి లక్ష కిస్తీ ఎగ్గొడితే పుస్తకంలో లక్షే చూపిస్తారు. ప్రమాదంలో ఉన్నది 8 లక్షలు.

రెండోది దాచే తప్పు. కట్టలేని వాడి పాత అప్పును కొత్త అప్పుతో మూసేయడం. మన ఊళ్లలో నోటు తిరగరాయడం అంటామే, అదే. నోటు తిరగరాయడం నేరం కాదు. తిరగరాసి "వసూలైంది" అని చూపించడమే మోసం. దీన్ని పట్టుకోవడానికి డేటాలో ఈ వడపోతలు వేయండి:

- ఒకే ఖాతాదారుకు పాత అప్పు ముగిసిన మూడు రోజుల్లోపే కొత్త అప్పు, పాత బాకీకి దగ్గరి మొత్తం
- నెలలో చివరి మూడు రోజుల్లో కుప్పపడిన మంజూర్లు
- ఇద్దరు ముగ్గురు ఖాతాదారులకు ఒకే ఫోన్ నంబర్, లేదా ఆ నంబర్ ఫీల్డ్ ఆఫీసర్‌దే కావడం
- ఒకరికొకరు హామీదారులుగా ఉన్న జంటలు
- ఫీల్డ్ ఆఫీసర్ బదిలీ అయిన నెలలోనే బకాయి హఠాత్తుగా పెరిగిన కేంద్రాలు (ఖాతాదారులు కిస్తీలు కట్టడానికి కలిసే చోట్లు)

రీషెడ్యూల్ చేసిన రుణాలన్నిటినీ, అవి ఇప్పుడు సక్రమంగా కడుతున్నా సరే, పార్‌లో కలిపి రెండో అంకె తీయండి. గత 12 నెలల రైటాఫ్‌లు కలిపి మూడో అంకె తీయండి. మూడూ పక్కపక్కన పెడితే 3 శాతం అని చెప్పిన సంస్థ 11 శాతం దగ్గర తేలడం వింతేమీ కాదు.

వేగంగా పెరిగే సంస్థలో ఇంకో మాయ ఉంది. 1,000 మిలియన్ షిల్లింగుల రుణాల్లో 80 మిలియన్లు ప్రమాదంలో ఉంటే పార్ 8 శాతం. ఆర్నెల్లలో రుణాలు 1,600 మిలియన్లయితే అదే 80 మిలియన్లు 5 శాతంగా కనిపిస్తుంది. ఒక్క షిల్లింగు వసూలు కాకుండానే జబ్బు తగ్గినట్టు ఉంటుంది. అందుకే నేటి బకాయిని ఆరు నెలల కిందటి రుణ మొత్తంతోనూ భాగించి చూడండి. ఇదే 80 మిలియన్లు అప్పుడు మళ్లీ 8 శాతం.

5. ఫీల్డ్‌కు వెళ్లండి, ఫీల్డ్ ఆఫీసర్ లేకుండా

బాగా నడిచే శాఖ ఒకటి, మధ్యరకం ఒకటి, చెడ్డది ఒకటి ఎంచుకోండి. మూడింటిలో కలిపి 120 మంది ఖాతాదారులను కలవండి. 70 మందిని డేటా నుంచి లాటరీ తీసినట్టు ఎంచుకోండి. మిగతా 50 మంది పై వడపోతల్లో పడ్డవాళ్లు.

దుబాసీని సంస్థ బయటి నుంచి తెచ్చుకోండి. మసాకాలో లుగాండా తెలిసినవాళ్లు సరిపోతారు, ఉత్తరాన గులు వెళితే అచోలీ కావాలి. ఫీల్డ్ ఆఫీసర్ పక్కనుంటే ఖాతాదారు చెప్పేది వినయం, వివరం కాదు.

ఇంటి దగ్గర అడగాల్సినవి ఆరు. ఎంత తీసుకున్నారు? చేతికి ఎంత వచ్చింది? ఇంకా ఎంత కట్టాలి? డబ్బు ఎవరి చేతికి ఇస్తారు? రసీదు వెంటనే వస్తుందా? ఇంకెక్కడ అప్పుంది? పాస్‌బుక్‌ను కంప్యూటర్ లెక్కతో అక్కడికక్కడే సరిచూడండి. 120లో ఐదారు తేడాలొస్తే తప్పిదాలు అనుకోవచ్చు. పదిహేను వచ్చాయంటే ఆ శాఖ ఆడిట్ ఆ వారమే మొదలవ్వాలి.

ఆరో ప్రశ్నకు జవాబు తేలిగ్గా రాదు. ఊళ్లలో పొదుపు సంఘాలు ఉంటాయి, మూడు తాళాల పెట్టెతో, ముగ్గురి దగ్గర మూడు తాళంచెవులతో. ఏడాది చివర సొమ్ము పంచుకుంటారు. 1991లో నైజర్‌లో కేర్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన ఈ నమూనా తూర్పు ఆఫ్రికా అంతా పాకింది. మన డ్వాక్రా సంఘం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు కానీ పెద్ద తేడా ఒకటుంది: వీటిలో చాలావాటికి బ్యాంకు లింకేజీ లేదు. వాటిలో తీసుకున్న అప్పు క్రెడిట్ బ్యూరోలో, అంటే ఎవరికి ఎంత అప్పుందో నమోదు చేసేచోట, కనపడదు. "అప్పులున్నాయా?" అని అడిగితే లేవంటారు. "పెట్టె సంఘంలో ఎంత తీసుకున్నారు?" అని అడిగితే చెబుతారు.

6. వడ్డీ అసలు ఎంత, ఖర్చు అసలు ఎంత

వడ్డీ నుంచి మొదలుపెట్టండి. ఏడాదికి 24 శాతం ఫ్లాట్ అంటే మనకు నూటికి రెండు రూపాయలుగా వినిపిస్తుంది. అది కాదు. నూటికి రెండు రూపాయల అప్పులో అసలు చివరిదాకా తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది. ఇక్కడ అసలు నెలనెలా వెనక్కి ఇస్తూనే మొదటి మొత్తం మీద వడ్డీ కడుతున్నాడు. 1 మిలియన్ షిల్లింగులు 12 నెలవారీ కిస్తీల్లో కడితే అసలు రేటు ఏడాదికి దాదాపు 42 శాతం, అంటే నూటికి మూడున్నర. 3 శాతం ఫీజు ముందే కోసుకుంటే అది 48కి చేరుతుంది. మొబైల్ మనీలో (ఫోన్ నంబర్ మీద నడిచే ఖాతాలో) వచ్చిన సొమ్ము తీసుకునేటప్పుడు 2018 నుంచి ఉన్న 0.5 శాతం పన్ను, ఏజెంట్ చార్జీ కూడా ఖాతాదారు మీదే పడతాయి.

ఈ లెక్కను బోర్డుకు చూపించండి, ఖాతాదారుకు ఇచ్చే కాగితం మీద రాయించండి. రేటు తగ్గించమని మొదటి రోజే పట్టుబట్టడం మాత్రం తొందరపాటు. ముందు ఖర్చు తేలాలి.

ఏడాది నిర్వహణ ఖర్చు 1,800 మిలియన్ షిల్లింగులు, ఇచ్చిన రుణాలు 12,000 అనుకోండి. ఒక్కో రుణానికి ఖర్చు 1,50,000 షిల్లింగులు. తగ్గే బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీతో ఆరు నెలలకు ఇచ్చిన 5 లక్షల రుణం మీద వచ్చే వడ్డీ దాదాపు 54 వేలు. అదే రేటుకు ఏడాదికి ఇచ్చిన 2 మిలియన్ల రుణం మీద దాదాపు 4,11,000. చిన్న రుణం మీద సంస్థ నష్టపోతోంది.

ఇక్కడ చాలామంది సలహాదారులు చిన్న రుణాలు ఆపేయమంటారు. అలా చేస్తే పేదలు ఖాతాల్లోంచి పోతారు, మూడేళ్ల తర్వాత పెద్ద రుణాలు తీసుకోవాల్సిన ఖాతాదారులూ ఉండరు. ముందు ఖర్చును విడగొట్టి చూడండి. పాత ఖాతాదారు రెండో అప్పుకు మంజూరు కోసం ఎన్నిసార్లు ఇంటికి వెళుతున్నారు? ఐదుసార్లయితే రెండుకు తగ్గించవచ్చు. కిస్తీల చరిత్ర బాగున్నవాళ్లకు శాఖ స్థాయిలోనే మంజూరు ఇవ్వవచ్చు. మోటారుసైకిల్ పెట్రోలు, మకాం దూరం లెక్క తీయండి. బృంద రుణాల్లో ఫీల్డ్ ఆఫీసరుకు 300 మంది, వ్యక్తిగత రుణాల్లో 200 మంది వరకు మోయగలిగే బరువు. 120 మందే ఉంటే ఖర్చు ఎక్కువ. 500 మంది ఉంటే ఆ ఆఫీసర్ ఎవరి ఇంటికీ వెళ్లడం లేదని అర్థం.

7. ఒకేసారి మూడు మార్పులే

నివేదికలో నలభై సిఫార్సులు రాస్తే నలభయ్యీ అలమారాలోకి వెళతాయి. మొదటి ఆర్నెల్లకు మూడు చాలు. చాలా సంస్థల్లో అవి ఇవే.

మంజూరు. చేతిలో మిగిలే డబ్బులో కిస్తీ సగం దాటకూడదన్న నియమం పెట్టండి. మిగులును నెల సగటుతో కాదు, నెలవారీగా వేయాలి. మసాకా వైపు కాఫీ ప్రధాన కోత దాదాపు మే నుంచి ఆగస్టు వరకు. బడి టర్ములు ఫిబ్రవరి, మే, సెప్టెంబరులో మొదలవుతాయి, ఆ నెలల్లో ఇంట్లో డబ్బంతా ఫీజులకే పోతుంది. ఈ రెండూ కాగితం మీద పక్కపక్కన గీయకుండా కిస్తీ తేదీలు వేస్తే బకాయిని మనమే తయారు చేసినట్టు.

వసూలు. తప్పిన మొదటి రోజే ఫోన్, మూడో రోజు ఆఫీసర్ ఇంటికి, ఏడో రోజు శాఖ మేనేజర్, పదిహేనో రోజు హామీదారుతో సహా కూర్చోవడం. 30 రోజులు దాటాక వేరే మనిషి చూడాలి. అప్పు ఇచ్చినవాడి చేతిలోనే పాత బకాయి వదిలితే తిరగరాయడం మళ్లీ మొదలవుతుంది. ఇంటి ముందు కూర్చోవడం, పదిమందిలో పరువు తీయడం, సామాను ఎత్తుకెళ్లడం చేయకూడదని సిబ్బంది చేత సంతకం తీసుకోండి.

సెలవు. ప్రతి ఫీల్డ్ ఆఫీసరూ ఏడాదిలో వరుసగా రెండు వారాలు సెలవు తీసుకోవాలి, ఆ రెండు వారాలు ఇంకొకరు ఆ కేంద్రాలు తిరగాలి. ఖరీదైన ఆడిట్ కన్నా ఎక్కువ మోసాలు ఈ ఒక్క నియమంతోనే బయటపడతాయి.

8. ఇప్పుడు సాఫ్ట్‌వేర్

అపాచే ఫినెరాక్ట్ మీద నడిచే మిఫోస్ లాంటి ఓపెన్ సోర్స్ ఉన్నా, డబ్బిచ్చి కొన్నా, శ్రమంతా డేటా శుభ్రం చేయడంలోనే ఉంటుంది. ఒకే మనిషి మూడు స్పెల్లింగులతో మూడు ఖాతాలుగా ఉంటాడు. జాతీయ గుర్తింపు నంబర్‌ను ఆధారంగా పెట్టి కలపండి. అది లేనివాళ్లకు ఫోటో, పుట్టిన తేదీ, ఊరు చూసుకోండి.

- పాతది, కొత్తది కనీసం రెండు నెలాఖరులు పక్కపక్కన నడవాలి.
- శాఖల వారీగా మిగిలిన అసలు రెండింటిలో షిల్లింగుతో సహా సరిపోవాలి. "దాదాపు" అంటే సరిపోలేదని.
- కరెంటు, నెట్ లేనప్పుడు ఏం చేయాలో కాగితం ఫారం ఉండాలి.
- ఒక్క శాఖతో మొదలుపెట్టండి. నెలాఖరున ఎప్పుడూ మారవద్దు.

మొబైల్ మనీలో కిస్తీలు కట్టించుకునేచోట ఒక గుంట ఉంది. ఖాతాదారు రిఫరెన్స్ నంబర్ తప్పు కొడితే సొమ్ము సస్పెన్స్ ఖాతాలో, అంటే ఎవరిదో తేలని డబ్బు ఉంచే ఖాతాలో, పడి ఉంటుంది. ఇక్కడ కట్టేసినవాడి ఇంటికి బకాయి అడగడానికి మనిషి వెళతాడు. పదిసార్లు ఇలా జరిగితే ఆ ఊళ్లో ఎవరూ ఫోన్‌లో కట్టరు. పాస్‌బుక్ అట్ట మీద చెల్లింపు నంబర్ పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి, సస్పెన్స్ ఖాతాను రోజూ సాయంత్రం ఖాళీ చేసే బాధ్యత ఒక్కరి పేరు మీద పెట్టండి.

9. కొత్త రుణ పథకం: రెండు శాఖలు, 300 మంది

కాఫీ రైతులకు కోత తర్వాత ఒకేసారి కట్టే రుణం అనుకోండి. ఎంతమందికి, ఎంతకాలం, ఏ అంకె దాటితే ఆపేస్తాం అన్నది ముందే రాసుకోండి: 300 మంది, పూర్తిగా ఒక పంట, పార్ 30 ఐదు శాతం దాటితే కొత్త మంజూర్లు బంద్. పంట చేతికి రాకముందే "బాగా నడుస్తోంది" అని ఆరు శాఖలకు పాకించడమే అందరూ చేసే పొరపాటు. ఒకేసారి కట్టే రుణంలో చివరి రోజు దాకా బకాయి సున్నాయే కనిపిస్తుంది.

10. విస్తరణ, నిధులు

ఆంధ్రలో పనిచేసినవాళ్లకు ఈ భాగం బయటివాళ్ల కన్నా బాగా అర్థమవుతుంది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు యాభై దాకా మైక్రోఫైనాన్స్ శాఖలు మూయించినప్పుడే హెచ్చరిక వచ్చింది. మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సు నాటికి ఒకే ఇంట్లో ఐదారు సంస్థల పాస్‌బుక్‌లు ఉన్న ఊళ్లున్నాయి. ఎవరు ఎవరికిచ్చారో చెప్పే క్రెడిట్ బ్యూరో వ్యవస్థ సూక్ష్మ రుణాలకు అప్పటికి లేదు. అదే కాలంలో నికరాగువా, మొరాకో, బోస్నియా, పాకిస్తాన్‌లలోనూ వసూళ్లు కూలాయి. వేగం, ఒకే జిల్లాలో గుమికూడడం, కొత్త సిబ్బంది, ఈ మూడూ అన్నిచోట్లా కనిపించాయి.

కాబట్టి శాఖ తెరవడానికి జనాభా లెక్క చూపిస్తే చాలదు. ఆ పట్టణంలో ఇప్పటికే ఎన్ని సంస్థలున్నాయో వీధి నడిచి లెక్కపెట్టండి. కొత్త శాఖ మేనేజర్ ఇదే సంస్థలో ఏడాది పని చేసినవాడై ఉండాలి. సిబ్బందిలో ఆరు నెలల లోపు చేరినవాళ్లు మూడో వంతు దాటితే కొత్త శాఖ వాయిదా వేయండి.

నిధుల్లో పెద్ద ఉచ్చు డాలరు అప్పు. వడ్డీ తక్కువగా కనపడుతుంది. పక్కనున్న కెన్యానే చూడండి: 2023 మొదట్లో డాలరుకు 123 షిల్లింగుల దగ్గరున్నది ఏడాది చివరికి 156కు చేరింది. షిల్లింగుల్లో అప్పులిచ్చే సంస్థకు తీర్చాల్సిన డాలరు అసలు 27 శాతం పెరిగినట్టు. స్థానిక కరెన్సీలోనే అడగండి. ఇచ్చేవాళ్లు ఒప్పుకోకపోతే 2007 నుంచి పనిచేస్తున్న టీసీఎక్స్ లాంటి నిధి ద్వారా మారకపు రిస్కు కవర్ చేయించి, ఆ ఖర్చు కలిపాకే రేట్లు పోల్చండి. ఒప్పందంలో "పార్ 30 ఇంత దాటితే అప్పు మొత్తం వెంటనే కట్టాలి" అనే షరతు ఉంటే, నాలుగో మెట్టులో మీరు తీసిన నిజమైన అంకెతో పోల్చి, సంతకానికి ముందే చెప్పేయండి.

11. అప్పగింత

ఆఖరి విజిట్‌లో మీరు ఏ పనీ చేయవద్దు. బకాయిల లెక్క, శాఖ తనిఖీ, సస్పెన్స్ ఖాతా సరిచూడడం అన్నీ మీతో తిరిగిన ఉద్యోగే చేయాలి, మీరు పక్కన కూర్చోవాలి.

- పార్ 30 మూడు అంకెలనూ డేటా నుంచి ఆ ఉద్యోగి ఒంటరిగా తీయగలరా? మీ లెక్కకూ దానికీ అర శాతం కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు.
- ఆ ఉద్యోగి ఉద్యోగం మానేస్తే చేయగల రెండో మనిషి ఉన్నారా?
- మాన్యువల్ శాఖలో అందరికీ అర్థమయ్యే భాషలో, ముప్పై పేజీల లోపు ఉందా?
- ఆడిట్ కమిటీ గత మూడు నెలల్లో ఒక్కసారైనా మీరు లేకుండా కూర్చుందా?

ఆరు నెలల తర్వాత ఒక్క రోజు వెళ్లండి, ముందు చెప్పకుండా, అప్పట్లో చెడ్డదిగా తేలిన శాఖకే. మేనేజర్ బల్ల మీద వసూళ్ల రిజిస్టర్ తెరిచి ఆ వారం తేదీలు చూడండి. ఏడో రోజు గడిలో శాఖ మేనేజర్ సంతకాలు ఉన్నాయో లేదో అక్కడే తెలుస్తుంది.